నా రాజశేఖరం ఏడీ?

మా మేనత్త సినిమాకు వెళ్లి ఏడుస్తూ తిరిగొచ్చిందంటే అందులో ఆశ్చర్యం ఏమీ లేదు. ఆ రోజుల్లో చాలామంది ఏడవడానికే సినిమాకు వెళ్లేవారు. కొంగు తడిస్తే టికెట్టు డబ్బులు గిట్టినట్టు లెక్క! కానీ 1976లో 'సెక్రటరీ' చూసి మా అత్తమ్మ ఏడ్చింది అందులోని కష్టాలకు కాదు. అక్కినేని నాగేశ్వరరావును చూసి!

"సినిమా మంచిగనే వుండె బిడ్డా. నాగేశ్వర్రావు గూడ మంచిగనే చేసిండు. గని నా రాజశేఖరం పోయిండు" అంటుంది ఇప్పటికీ.

నేను పుట్టకముందు ముచ్చట ఇది. అప్పటికి అత్తమ్మకు పద్దెనిమిదేళ్లు. పెళ్లి కాలేదు. ఆడపిల్ల నవల పట్టుకొంటే చెడిపోతుందని మా తాతయ్య నమ్మకం. ఎదురింటి పంతులమ్మ హనుమకొండ చౌరస్తా దగ్గర అద్దె పుస్తకాల దుకాణం నుంచి నవలలు తెచ్చుకొనేది. ఆమె చదవడం అయ్యాక, దుకాణానికి తిరిగి ఇచ్చేలోగా ఒక్క రాత్రి మిగిలేది. ఆ ఒక్క రాత్రీ అత్తమ్మది! వంటింటి తలుపు దగ్గరకు వేసుకొని, లాంతరు వత్తి తగ్గించుకొని, యద్దనపూడి సులోచనారాణి 'సెక్రటరీ'ని తెల్లవారేలోగా పూర్తి చేసిందట.

తర్వాత కొన్నాళ్లకు అదే నవల సినిమాగా వచ్చింది. డి. రామానాయుడు నిర్మాత, కె.యస్. ప్రకాశరావు దర్శకుడు, జయంతి పాత్రలో వాణిశ్రీ. 1974లో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకొని వచ్చిన అక్కినేని మళ్లీ తెర మీద కనిపించడమే అభిమానులకు పండుగ. సినిమా బాగా ఆడింది. మరి అత్తమ్మకు వచ్చిన కష్టం ఏమిటి?

"రాజశేఖరం మొహం యాది చేసుకొందమంటే ఇగ నాగేశ్వర్రావే వస్తున్నడు. అసలాయన యాడికో పోయిండు!"

చిన్నప్పటి నుంచీ ఈ మాట మా ఇంట్లో నవ్వులాట. రెండేళ్ల క్రితం నేను రాసిన ఒక కథ రెండు చోట్ల తన్నులు తిని ఇంటికి తిరిగొచ్చాక గానీ, ఆ మాటలో కథలు రాసేవాడికి పనికొచ్చే విద్య దాగి వుందని నాకు బోధపడలేదు. నా కథ సంగతి చివర చెబుతాను. ముందు రాజశేఖరాన్ని వెదుకుదాం.

మొహం ఎవరిది?

"అత్తమ్మా, ఇంతకీ నీ రాజశేఖరం ఎట్లుండెటోడు?" అని అడిగాను ఒకసారి.

సిగ్గుపడింది. అరవై దాటిన మనిషి! చివరికి ఒప్పుకొంది. గొంతు రేడియోలో వార్తలు చదివే ఆయనదట. నడక బళ్లో తెలుగు చెప్పిన సారుదట. మొహం మాత్రం ఎవరిదీ కాదట. "ఎవ్వరిది గాదు. నాది" అంది.

చూశారా! నవలాకారిణి కథానాయకుడికి ఠీవి ఇచ్చింది, హోదా ఇచ్చింది, జయంతి ఆత్మాభిమానంతో ఢీకొనే అహం ఇచ్చింది. మిగతాదంతా లాంతరు ముందు కూర్చున్న పద్దెనిమిదేళ్ల పిల్ల చేర్చుకొంది. అదే సమయంలో గుంటూరులో ఒక రాజశేఖరం, కడపలో ఒక రాజశేఖరం తయారవుతూ వుంటారు. నవల అచ్చయ్యేది ఒక్కటే అయినా, చదివినవాళ్లు ఎంతమందో అంతమంది నాయకులు!

సినిమాకు ఈ వీలు లేదు. 'ఆజానుబాహువు' అని కాగితం మీద ఒక్క ముక్క రాస్తే సరిపోతుంది. కెమెరా ముందు మాత్రం ఎవరో ఒక మనిషిని నిలబెట్టాల్సిందే. ఆ క్షణంలో మిగతా రాజశేఖరాలందరూ సెలవు పుచ్చుకొంటారు. అది అక్కినేని తప్పూ కాదు, దర్శకుడి తప్పూ కాదు.

అయితే సినిమాలో ప్రేక్షకుడు చేర్చుకోవడానికి ఏమీ మిగలదా? ఎందుకు మిగలదు! 1953 నాటి 'దేవదాసు' గుర్తు తెచ్చుకోండి. అది కూడా నవలే కదా, శరత్ బాబుది. ఒంట్లో ప్రాణం కొడిగడుతున్న మనిషి పార్వతి వున్న వూరికి బండి మీద పోతూ వుంటాడు. ఆ మొహం మనం చూస్తూనే వున్నాం. ఆ మొహం వెనక ఏం జరుగుతున్నదో తెర మీద రాసి లేదు. దాన్ని మనమే పూరిస్తాం. తల్లిని పోగొట్టుకొన్నవాడు ఒకటి పూరిస్తాడు, ప్రేమలో దెబ్బతిన్నవాడు మరొకటి. పుస్తకంలో మొహం మన వంతుకు వస్తే, సినిమాలో మనసు మన వంతుకు వస్తుంది. కథ బాగుందని మనం అనుకొనేది ఆ వంతు మనకు దక్కినప్పుడే కాబోలు.

'ఇంకా వుంది' అన్న చోట

కొన్ని నవలలు నీళ్లలో చేపలాగా తెర మీద ఇట్టే ఈదేస్తాయి. యండమూరి వీరేంద్రనాథ్ నవలలు చూడండి. 'అభిలాష' 1983లో సినిమా అయింది. 'డబ్బు టు ది పవర్ ఆఫ్ డబ్బు' నవల 1984లో 'ఛాలెంజ్' అయింది. రెంటికీ ఎ. కోదండరామిరెడ్డి దర్శకుడు, చిరంజీవి కథానాయకుడు. రెండూ జనాన్ని కట్టిపడేశాయి.

కారణం వెదికితే కనిపిస్తుంది. 'ఛాలెంజ్'లో కుర్రాడు అయిదేళ్లలో యాభై లక్షలు సంపాదిస్తానని పందెం కడతాడు. 'అభిలాష'లో ఉరిశిక్ష రద్దు కావాలని తపించే లాయరు తానే హత్యకేసులో ముద్దాయి అయి ఉరికంబం దాకా వెళతాడు. పాత్రకు ఏం కావాలో మనకు తెలుసు. గడువు తెలుసు. అడ్డం ఎవరో తెలుసు. ఇక నాయకుడు ఊరికే కూర్చొని ఆలోచించే తీరిక వుండదు. ఏదో ఒకటి చేస్తూనే వుండాలి. చేసే పనిని కెమెరా పట్టుకోగలదు.

వారపత్రికల సీరియళ్లు ఈ విద్యను బాగా నేర్పాయి. ప్రతి వారం ఆఖరి వాక్యం దగ్గర పాఠకుడి గుండె ఆగాలి, 'ఇంకా వుంది' అని పడాలి. సినిమాలో 'విశ్రాంతి' అని కార్డు పడేదీ సరిగ్గా అలాంటి చోటే! ఆ వారం రోజులూ, ఆ పది నిమిషాలూ పాఠకుడు, ప్రేక్షకుడు తమ సొంత కథ అల్లుకొంటూ వుంటారు. వేరుశనక్కాయలు తింటూ "వీడు బయటపడతాడంటావా?" అని పక్కవాణ్ణి అడగని ప్రేక్షకుడు వుంటాడా?

మనసుకు కెమెరా పెడితే

ఇప్పుడు దీనికి పూర్తిగా ఎదురు వుదాహరణ. అదీ మా ఓరుగల్లు గడ్డ మీదిదే.

హనుమకొండలో 1904లో వెలసిన శ్రీ రాజరాజనరేంద్ర ఆంధ్ర భాషా నిలయం వుంది. కాలేజీ రోజుల్లో అక్కడి బల్ల మీద నేను చదివిన నవల 'అంపశయ్య'. 1969లో వెలువడింది. రచయిత అసలు పేరు దొంగరి మల్లయ్య. పాలకుర్తి దగ్గర వావిలాల ఆయన వూరు. నవీన్ అనే కలం పేరుకు ఆ నవల పేరే ఇంటిపేరై కూర్చుంది. 'కాలరేఖలు' నవలకు 2004లో కేంద్ర సాహిత్య అకాడమీ బహుమతి అందుకొన్నది ఆ అంపశయ్య నవీనే.

'అంపశయ్య'లో కథ ఏమిటని అడిగితే చెప్పడం కష్టం. ఉస్మానియా క్యాంపస్‌లో రవి అనే విద్యార్థి పొద్దున నిద్ర లేస్తాడు. రాత్రి దాకా ఆ ఒక్క రోజే నవలంతా. తినడం, తిరగడం, డబ్బు కోసం వెతుకులాట, స్నేహితులతో మాటలు. వీటి కింద నది లాగా అతని ఆలోచన పారుతూ వుంటుంది. దాన్ని విమర్శకులు చైతన్య స్రవంతి అన్నారు. నాకైతే మొదటి పాతిక పేజీలు చికాకేసింది. తర్వాత ఎక్కడో నా తల లోపలి గొడవే ఎవరో అచ్చు వేసినట్టయి, లైబ్రరీ మూసే వేళయినా లేవలేకపోయాను.

మరి దాన్ని సినిమా తీయాలంటే? కెమెరాకు కనిపించేదల్లా ఒక కుర్రాడు హాస్టలు నుంచి క్యాంటీనుకు నడవడం! 2016లో ప్రభాకర్ జైనీ 'క్యాంపస్ అంపశయ్య' పేరుతో ఆ సాహసం చేశారు. అచ్చయిన నలభై ఏడేళ్లకు ఆ నవలను తెర మీదికి తెచ్చిన ఓపికకు జోహార్లు చెప్పాల్సిందే. ఇలాంటి నవల చేతికొస్తే ఏ దర్శకుడికైనా చిక్కు ఒకటే. ఆలోచనను వెనకనుంచి గొంతుతో వినిపిస్తే రేడియో నాటకం అవుతుంది. వినిపించకపోతే రవి నడిచే కుర్రాడిగా మిగిలిపోతాడు.

చిక్కును మరో విధంగా విప్పినవాళ్లూ వున్నారు. కృష్ణచందర్ ఉర్దూ నవల 'జబ్ ఖేత్ జాగే'లో రాఘవరావు అనే యువరైతు ఉరిశిక్ష పడి జైలు గదిలో వున్నాడు. తెల్లవారితే ఉరి. ఆ రాత్రి అతని జ్ఞాపకాలే నవల. దాని ఆధారంగా గౌతమ్ ఘోష్ దర్శకత్వంలో, బి. నర్సింగరావు నిర్మాతల్లో ఒకరుగా తీసిన 'మా భూమి' 1980లో విడుదలయింది. అందులో సాయిచంద్ వేసిన రామయ్య జైల్లో కూర్చొని గుర్తు చేసుకోడు. మన కళ్ల ముందే పల్లెలో పెరుగుతాడు, దొర గడీని చూస్తాడు, పట్నం పారిపోతాడు, చదువు నేర్చి తిరిగొస్తాడు. నవలలో జ్ఞాపకంగా వున్నది సినిమాలో సంఘటన అయింది. నవలను ఉన్నదున్నట్టు అతికించలేదు కనుకనే సినిమా నిలబడిందని నా వుద్దేశం.

మా వూరి మాట

మొహం, మనసు అయ్యాయి. మిగిలింది మాట.

'చిల్లర దేవుళ్లు' రాసిన దాశరథి రంగాచార్య మా పాత వరంగల్ జిల్లా చిన్నగూడూరులో 1928లో పుట్టారు. నిజాం పాలనలో తెలంగాణ పల్లెలో దొర, కరణం ఎలా చిన్న చిన్న దేవుళ్లయి కూర్చున్నారో చెప్పే నవల అది. అందులో పాత్రలు తమ భాషే మాట్లాడతాయి. 1977లో టి. మధుసూదనరావు దర్శకత్వంలో అది సినిమాగా వచ్చింది. కె.వి. మహదేవన్ పాటలు ఇప్పటికీ రేడియోలో వినబడుతూనే వుంటాయి.

ఆ నవల మొదటిసారి చదివినప్పుడు నాకు కలిగిన ఆనందానికి కారణం కథ మాత్రమే కాదు. మా నాయనమ్మ మాట్లాడే మాట పుస్తకంలో అచ్చయి వుంది! అప్పటిదాకా ఆ మాట నేను సినిమాల్లో విన్నది ఎక్కువగా హాస్యగాడి నోట, లేకుంటే రౌడీ నోట. హాల్లో అందరూ నవ్వేవాళ్లు. వరంగల్ హాల్లో మేమూ నవ్వేవాళ్లం. ఇంటికొచ్చి అదే భాషలో అన్నం అడిగేవాళ్లం! కథ రాసేవాడు పాత్ర నోట ఏ మాట పెడతాడన్నది వ్యాకరణం సంగతి కాదు, ఆ మనిషికి ఎంత మర్యాద ఇస్తున్నాడన్న సంగతి అని నాకు తెలిసింది ఆ పుస్తకం చదివాకనే.

2023లో వచ్చిన 'బలగం' ఆ మర్యాదను తెర మీద నిలబెట్టింది. వేణు యెల్దండి తీసిన ఆ సినిమాను వూళ్లలో బయట తెర కట్టుకొని జనం కలిసి చూశారు. ముసలాయన చనిపోతాడు. పిట్టకు పెడితే కాకి ముట్టదు. అంతే! చనిపోయిన మనిషి మనసులో ఏముందో చెప్పే గొంతు ఏదీ వెనకనుంచి రాదు. ముట్టని ముద్ద వైపు కొడుకులు, బిడ్డ, అల్లుడు చూస్తారు. మనమూ చూస్తాం. ఎవరి ఇంటి తగాదా వాళ్లకు గుర్తొస్తుంది.

చివరికి మాత్రం ఆ మాట పైకి వస్తుంది. వరంగల్ జిల్లా దుగ్గొండికి చెందిన పస్తం మొగిలయ్య, కొమురమ్మ దంపతుల పాటలో. ఊరూరా కథ చెప్పి బతికిన కళాకారులు వాళ్లు. మొగిలయ్య 2024 డిసెంబరులో కన్నుమూశారు. అన్నీ విప్పి చెప్పే పాట అక్కడ ఎందుకంత ఏడిపించిందంటే, అప్పటిదాకా ఎవ్వరూ ఆ మాట విప్పలేదు కనుక. మొదటి రీలులోనే విప్పి వుంటే చివర పాడడానికి ఏం మిగిలేది?

అత్తమ్మ తీర్పు

ఇక నా కథ.

నేను పదో తరగతిలో వుండగా నాన్న పనిచేసే మిల్లు మూతపడింది. మర్నాడు పొద్దున నాన్న ఎప్పటి వేళకే లేచాడు. స్నానం చేశాడు. డ్యూటీ చొక్కా తొడుక్కొన్నాడు. అమ్మ కూడా చేతి అలవాటున డబ్బా కట్టింది. నాన్న డబ్బా పట్టుకొని గడప దాకా వెళ్లి, కాసేపు నిలబడి, తిరిగొచ్చి అరుగు మీద కూర్చున్నాడు. భోజనం గంట కొట్టే వేళకు అక్కడే డబ్బా విప్పి తిన్నాడు. కడిగి మేకుకు తగిలించాడు. ఆయన పోయి ఇప్పటికి ఏడేళ్లు.

ఇదే నా కథ. రాయడానికి ఎనిమిది నెలలు పట్టింది. ఆ అరుగు మీద కూర్చున్న మనిషి ఏమనుకొంటున్నాడో ఆరు పేజీలు రాశాను. అప్పులు, చెల్లి పెళ్లి, లోకం తీరు, పాలకుల తీరు. రాస్తూ వుంటే నాకే కళ్లనీళ్లు!

ఒక పత్రికకు పంపితే, 'ఉపన్యాసంలా వుంది' అన్న ఒక్క ముక్కతో తిప్పి పంపారు. హైదరాబాదులో సినిమాల్లో సహాయ దర్శకుడిగా తిరుగుతున్న మిత్రుడికి చదివి వినిపిస్తే, అంతా విని, "అన్నా, ఈ ఆరు పేజీలల్ల కెమెరా యాడ పెట్టాలె?" అన్నాడు. ఇద్దరికీ సాహిత్యం తెలియదని నిశ్చయించుకొని ఇంటికొచ్చాను.

అత్తమ్మకు ఇప్పుడు చూపు సరిగా ఆనదు. పుస్తకాలు ఎవరైనా చదివి పెట్టాలి. ఒక ఆదివారం నా కథ చదివి వినిపించాను. తన అన్న కథ అని ఆమెకు ముందే తెలుసు. ఏడుస్తుందనుకొన్నాను. చదవడం అయ్యాక చాలాసేపు వూరుకొని, అంది:

"మీ నాయన గింత మాట్లాడేటోడా బిడ్డా? మా అన్న పుట్టినకాంచి మాట్లాడినయన్ని కలిపినా గిన్ని మాటలు గావు."

"మాట్లాడలేదత్తమ్మా. మనసుల అనుకొన్నడు."

"అనుకొన్నది నీకెట్ల దెలుసు? నువ్వు కొడుకువు, నీకు దెలిసింది నువ్వు రాసినవ్. నేను చెల్లెను. నాకు దెలిసింది నాకున్నది. అంత నువ్వే చెప్తే నేనేం జెయ్యాలె? నాకూ కొంత ఇడువు."

నాకూ కొంత ఇడువు!

నేను వెదుకుతున్న రాజశేఖరం అప్పుడు దొరికాడు. 1976లో సినిమా ఆమె దగ్గర్నుంచి ఒక మొహం తీసుకొంది. అది సినిమాకు తప్పని పని. నేను మాత్రం ఏ కెమెరా బలవంతమూ లేకుండానే ఆమె అన్న మనసును లాక్కొని ఆరు పేజీలతో నింపేశాను. నవీన్ రాసిన రవి రోజంతా ఆలోచిస్తాడు, నిజమే. కానీ ఆ ఆలోచన తెగుతుంది, దారి తప్పుతుంది, తనను తానే మోసం చేసుకొంటుంది. ఏది నమ్మాలో మనకు వదిలేస్తుంది. నా కథలో నాన్న ఆలోచించడం లేదు. నాన్న గొంతు పెట్టుకొని నేను ఉపన్యాసం ఇస్తున్నాను. పత్రికవాళ్లూ, మిత్రుడూ, అత్తమ్మా చెప్పింది ఒకే మాట. మా వాళ్ల భాషలో చెబితే గానీ నా చెవికెక్కలేదు.

ఆ రాత్రే కూర్చొని ఆరు పేజీలూ కొట్టేశాను. చొక్కా వుంది, గడప వుంది, అరుగు వుంది, డబ్బా వుంది. అమ్మ చేతి అలవాటు వుంది. మొత్తం కథ నాలుగు పేజీలకు వచ్చింది. మళ్లీ పంపించాను. జవాబు ఇంకా రాలేదు. రాకపోయినా మరోచోటికి పంపుతాను.

ఈసారి మీరు నవల ఆధారంగా తీసిన సినిమాకు వెళ్లినప్పుడు, 'పుస్తకంలో వున్నది ఎంత తీశారు' అని మాత్రమే లెక్క చూడకండి. 'నాకేం వదిలారు' అని కూడా చూసుకోండి. తిరిగొచ్చే దారిలో మీ మనసు ఇంకా ఏదో పూరిస్తూ వుంటే, అది మంచి సినిమానే!

కొత్త కథ కూడా అత్తమ్మకు చదివి వినిపించాను. అయిదు నిమిషాల్లో అయిపోయింది. బాగుందనీ అనలేదు, బాగలేదనీ అనలేదు.

"ఆ డబ్బా ఇంక వున్నదా బిడ్డా?" అని అడిగింది.

"వుంది. అమ్మ దాంట్ల మెంతులు పోసుకొంటది."

తల వూపింది. కొంగుతో కళ్లద్దాలు తుడుచుకొంటూ వీధి వైపు చూస్తూ కూర్చుంది. ఏమనుకొంటున్నదో నేను అడగలేదు.